'ట్రియానా' ఆరు ఆల్బమ్‌లు: ఏది ముందు, ఏది వెనుక?

స్పెయిన్ దక్షిణ ప్రాంతం అందలూసియా. ఉర్దూ పాఠకులకు 'అందలుస్'గా తెలిసిన పేరే. అక్కడి సెవిల్లె నగరంలో నది అవతలి పేట ట్రియానా. ఫ్లమెంకో పాటకు పుట్టినిళ్లలో ఒకటి. ఆ పేరుతోనే 1974లో ముగ్గురు కుర్రాళ్లు రాక్ బ్యాండ్ పెట్టారు. హెసూస్ దె లా రోసా పాట, కీబోర్డు. ఎదువార్దో రోద్రిగెస్ గిటార్. 'తేలే'గా పేరుపడ్డ హువాన్ హోసే పలాసియోస్ డ్రమ్స్. 1975-83 మధ్య ఆరు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. సెవిల్లె వాసన ఎంత నిలిచింది అన్నదే ఇక్కడ కొలమానం. అమ్మకాలు కాదు.

6. ఉన్ మాల్ సుయెన్యో (1981): పేరుకు అర్థం 'పీడకల'. పాటలు పొట్టివి, రేడియోకు తగ్గట్టు చేసినవి. గొంతు అదే, కానీ పాత పట్టు లేదు.

5. ఉన్ ఎన్‌క్వెంట్రో (1980): ఇందులోని 'తు ఫ్రియాల్దాద్' (నీ నిర్లిప్తత) పెద్ద హిట్. ట్రియానా అంటే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది ఈ పాటే. బ్యాండ్‌కు జనాన్ని తెచ్చిన ఆల్బమ్. అయితే ఫ్లమెంకో ఇక్కడే పలచబడటం మొదలైంది.

4. యెగో ఎల్ దియా (1983): 'ఆ రోజు వచ్చింది' అని అర్థం. పాత దారికి మళ్లీ రావాలనే ప్రయత్నం కనిపిస్తుంది. అదే చివరిదైంది. బాస్క్ ప్రాంతపు వరద బాధితుల కోసం సాన్ సెబాస్టియన్‌లో కచేరీ చేసి తిరిగొస్తుండగా బుర్గోస్ దగ్గర రోడ్డు ప్రమాదం జరిగింది. 1983 అక్టోబర్ 14న దె లా రోసా చనిపోయారు. వయసు 35.

3. సోంబ్రా ఈ లూస్ (1979): 'నీడా వెలుగూ'. ఆరింటిలో బరువైనది, చీకటి ఎక్కువ ఉన్నది. ఒక్కసారి వింటే ఎక్కదు. ఓపిక పడితే వదలదు.

2. ఈహోస్ దెల్ అగోబియో (1977): 'ఊపిరాడని కాలపు బిడ్డలు' అనుకోవచ్చు. నియంత ఫ్రాంకో 1975 నవంబర్‌లో చనిపోయాడు. 1977 జూన్‌లో ప్రజాస్వామ్య ఎన్నికలు జరిగాయి. ఆ నడిమి కాలపు ఉక్కపోత ఈ పాటల్లో ఉంది. 'ఇక చాలు' అనే అర్థం వచ్చే పాట కూడా ఇందులోదే.

1. ఎల్ పాటియో (1975): పాటియో అంటే ఇంటి మధ్య ఉండే వాకిలి, మన మండువా లాంటిది. ఫ్రాంకో బతికుండగానే వచ్చింది. మొదటి పాట 'తలుపు తీయి' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. ఒకవైపు ఆర్గాన్, మెలోట్రాన్, ఇంకోవైపు ఫ్లమెంకో గిటార్, మధ్యలో దె లా రోసా ఆర్తి. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. ఒకరి నోట ఒకరు విని కొన్నారు. ఇవాళ స్పానిష్ రాక్ గురించి ఏ చర్చ వచ్చినా ఈ పేరు రాక మానదు.

కొత్తగా వినేవాళ్లు 'ఎల్ పాటియో'తో మొదలుపెట్టి వరుసగా రెండు, మూడు వినొచ్చు. ఆ తర్వాత 'యెగో ఎల్ దియా' వింటే, ఆగిపోయిన ప్రయాణం ఎటు తిరగబోయిందో తెలుస్తుంది. హిట్ పాట మాత్రం ఎలాగూ చెవిన పడుతుంది.