అటక మీది నాటు తుపాకి: మన్యం వారసత్వం, మన బాధ్యత

మన్యం చరిత్రను తలచుకున్నప్పుడల్లా విల్లంబుల పక్కనే నాటు తుపాకి కూడా మన కళ్లముందు నిలుస్తుంది. అడవిపందుల నుంచి పంటను కాపాడింది అదే. ఇటుకల పండుగకు మన పెద్దలు వేటకు బయలుదేరినప్పుడు విల్లంబులతో పాటు భుజాన వేసుకున్నదీ అదే. ఆ తరం వెళ్లిపోయింది. వారి తుపాకులు మాత్రం కొన్ని ఇళ్లలో అటకల మీద మిగిలాయి. వస్తువు వారసత్వంగా వచ్చింది గాని, దాన్ని పట్టుకునే విద్య అందరికీ రాలేదు. ప్రమాదం అక్కడే ఉంది.

లెక్క రాసి తీసుకున్న తుపాకులు

1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి, తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన పోడు మీద, అడవిలో మన రాకపోకల మీద ఆంక్షలు పెట్టింది. ఆ బాధలన్నీ కలిసి 1922లో రంప పోరాటంగా రగిలాయి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన వీరులు ఆయన వెంట నడిచారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు చేజిక్కాయి.

తీసుకున్న ఆయుధాల వివరం స్టేషను రికార్డుల్లో రాసిపెట్టి వెళ్లడం ఈ దాడుల్లో మనం మరువకూడని విషయం. ప్రభుత్వాన్ని ఎదిరించినవారు కూడా ఆయుధానికి లెక్క ఉండాలనుకున్నారు. ఆ పోరాటంలో ప్రాణాలతో మిగిలిన మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అలాంటి చరిత్ర ఉన్న మన ఇళ్లలో లెక్కలేని తుపాకి ఉండడం శోభించదు.

ముందు కాగితం

లైసెన్సు ఆస్తిలా వారసులకు సంక్రమించదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు మరణించాక తుపాకిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు ఉన్న డీలరు వద్దగాని జమ చేయాలి. ఆ తరువాత వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పంట రక్షణ కోసం నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉంది. బాగుచేసినా పేలని పాత తుపాకులకు మినహాయింపు కూడా ఉంది. కాని అది పేలుతుందో లేదో తేల్చవలసింది తెలిసిన అధికారులే, మనం కాదు. వేట సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తుపాకి ఉన్నంత మాత్రాన అడవిలో వేటకు అనుమతి ఉన్నట్టు కాదు.

పట్టుకునే పద్ధతి

తూటా తుపాకిని వెనుక తెరిచి లోపల చూడవచ్చు. నాటు తుపాకిలో మందు, గుళ్లు మూతి నుంచే కూరతారు కాబట్టి తెరిచి చూసే వీలు లేదు. తాతగారు కూరిన మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లకైనా పేలుతుంది. అందుకే ప్రతి తుపాకినీ నిండుగా ఉన్నదనే భావించాలి. మూతిని మనుషుల వైపు, పశువుల వైపు తిప్పకూడదు. వేలు ట్రిగ్గరుకు దూరంగా ఉండాలి. మూతి ముందు ముఖం పెట్టకూడదు.

లోపల మందు ఉందో లేదో పెద్దలు కడ్డీతో తెలుసుకునేవారు. క్యాప్ లేదని చూసుకుని, కడ్డీని గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టేవారు. తరువాత కడ్డీని గొట్టం పక్కన ఆనించి కొలిచేవారు. కడ్డీ అడుగుదాకా చేరకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఈ పని కూడా తెలిసినవారి చేతుల మీదుగానే జరగాలి. లోపల ఏదైనా ఉందనిపిస్తే గీకడం, వేడి చేయడం, పేల్చి చూడడం చేయకూడదు. తుపాకిని ఉన్నచోటే వదిలి, పిల్లలను దూరంగా ఉంచి, పోలీసు స్టేషనుకు తెలపాలి.

శుభ్రం చేయడం

ఖాళీ అని తేలాకే శుభ్రం చేయడం మొదలవుతుంది. పొయ్యి, దీపం, బీడీ దగ్గర ఉండకూడదు. కాలిన మందు మసి ఉప్పులా తేమను లాగి ఇనుమును తినేస్తుంది. నూనె ఒక్కటే పూస్తే ఆ మసి పోదు. వేడి సబ్బునీటిలో తడిపిన గుడ్డను కడ్డీకి చుట్టి గొట్టం తుడవాలి. పొడిగుడ్డతో తడి పూర్తిగా ఆర్చి, ఆ తరువాతే పలుచగా నూనె రాయాలి. కొయ్య భాగానికి పొడిగుడ్డ చాలు. మెరుపు కోసం గరుకు కాగితంతో రుద్దితే తుపాకి మీది అంకెలు, ముద్రలు చెరిగిపోతాయి. దాని చరిత్ర చదవడానికి మనకున్న అక్షరాలు అవే. శుభ్రమైన తుపాకి పేల్చదగ్గదని అనుకోకూడదు. తుప్పు తిన్న గొట్టం పేల్చినవారి చేతుల్లోనే పగలవచ్చు.

మన ఊళ్లలో పోలీసు, సైన్యం ఉద్యోగాలు చేసి వచ్చినవారు ఉన్నారు. వారి మాట విందాం. తుపాకి ఎవరిది, ఎప్పటిది, దేనికి వాడారు అన్న వివరాలు ముసలివారు ఉండగానే రాసిపెట్టుకుందాం. తుపాకిని స్టేషనులో జమ చేయవలసి వచ్చినా ఆ కథ మన దగ్గరే ఉంటుంది. రేపటి పిల్లలకు మనం ఇవ్వవలసినవి ఆ కథ, ఈ జాగ్రత్త.