సమ్మెట విసిరిన చేతులు

స్కాట్లాండ్ ఈశాన్యాన, అబర్డీన్‌షైర్‌లో, డీ నది మీద పొటార్క్ దగ్గర ఒక రాతి వంతెన ఉంది. థామస్ టెల్‌ఫోర్డ్ కట్టించిన ఆ వంతెన మీద 1813లో రాకపోకలు మొదలయ్యాయి. 1830ల్లో మరమ్మతులు జరిగినప్పుడు పరంజాకు ఎదురు బరువుగా వేలాడదీయడానికి ఇనుప కడియాలు బిగించిన రెండు బండరాళ్లు తెచ్చారు. పని ముగిసింది, రాళ్లు అక్కడే ఉండిపోయాయి. పెద్దది 188 కిలోలు, చిన్నది 144 కిలోల పైచిలుకు. 1860లో డొనాల్డ్ డిన్నీ అనే కుర్రవాడు ఒక్కో కడియంలో ఒక్కో చేయి పెట్టి, రెండు రాళ్లనూ ఒకేసారి లేపి, వంతెనకు అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచాడు. 17 అడుగుల దూరం. చేతులకు పట్టీలు కట్టుకోకుండా ఆ రాళ్లతో మళ్లీ అంత దూరం నడవడం 1973లో గాని జరగలేదు. నడిచింది ఉత్తర ఐర్లండ్‌కు చెందిన జాక్ షాంక్స్.

డిన్నీకి అప్పటికి ఇరవై మూడేళ్లు నిండీ నిండనట్టు ఉంటాయి. ఆయన ఏ వ్యాయామశాలలోనూ తయారైనవాడు కాదు. తండ్రి రాబర్ట్ డిన్నీ రాతి కట్టుబడి మేస్త్రీ. ఆ చుట్టుపక్కల బలశాలిగా పేరున్నవాడు, పద్యాలు రాసినవాడు, తమ బర్స్ ప్రాంతపు చరిత్రను పుస్తకంగా రాసి పెట్టినవాడు. కొడుకు ఆయన వెంటే ఉలీ సమ్మెటా పట్టి ఏళ్ల తరబడి పనిచేశాడు. రాతిని దొర్లించాలి, మోకాళ్ల మీదికి ఎక్కించాలి, గోడ ఎత్తుకు చేర్చాలి. పట్టు జారితే వేలు నలుగుతుంది. వేళ్ల పట్టు, నడుము బలం, బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకునే ఒడుపు ఆయనకు కూలి పనిలోనే అబ్బాయి. డిన్నీ గురించి రాసినవాళ్లు చాలామంది పుట్టుకతో వచ్చిన బలమన్నారు. నాకు మాత్రం ఆ మేస్త్రీ ఇల్లే అసలు కారణంగా కనిపిస్తుంది.

డిన్నీకి పేరు తెచ్చిన స్కాట్లాండ్ కొండసీమ హైలాండ్ క్రీడల్లో బరువులు విసిరే పోటీలన్నిటి మూలమూ ఇలాంటి ఒంటి పనే. 28 పౌండ్లు, 56 పౌండ్లు అనే బరువులు ఎవరో కూర్చుని లెక్కగట్టి పెట్టినవి కావు. 112 పౌండ్ల హండ్రెడ్‌వెయిట్ అనే తూకంలో అవి పావూ సగమూ. ధాన్యమూ ఉన్నీ తూచే కాటా మీద పెట్టే ఇనుప గుండ్లు. పైన కడియం ఎలాగూ ఉంటుంది కాబట్టి, పని ముగిసిన సాయంత్రం ఒకడు తీసి విసిరితే రెండోవాడు ఊరుకోడు. పోటీలో విసిరే హ్యామర్, రాళ్లు కొట్టేవాళ్ల, కమ్మరుల సమ్మెటకు చుట్టం. కేబర్ అంటే చెట్టును నరికి కొమ్మలు చెక్కేసిన మాను. కొన్నిచోట్ల ఆడే షీఫ్ పోటీ అయితే నేరుగా కళ్లంలోంచే వచ్చింది: పంగలకర్రతో పనను వామి మీదికి ఎగరేసే పనికి బదులు, గడ్డి కుక్కిన గోతాన్ని ఎత్తైన అడ్డకర్ర మీదుగా దాటించడం.

1746లో కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్ తెగలు ఓడిపోయాక ప్రభుత్వం వాళ్ల ఆయుధాలనూ సంప్రదాయ దుస్తులనూ నిషేధించింది. దుస్తుల మీది నిషేధం 1782లో గాని తొలగలేదు. ఆ సంప్రదాయాలను మళ్లీ నిలబెట్టడానికి పందొమ్మిదో శతాబ్దంలో ఊరూరా సంఘాలు పుట్టి క్రీడలు జరిపించాయి. 1848లో విక్టోరియా రాణి బ్రేమార్ క్రీడలకు వచ్చిన తర్వాత వాటి పేరు సామ్రాజ్యమంతా పాకింది. ఈ భాగాన్ని చరిత్ర పుస్తకాలు విస్తారంగానే చెబుతాయి. వాటిలో చాలా తక్కువగా కనిపించేది మరొకటి ఉంది. 1860ల్లో లండన్ పెద్దమనుషులు ఔత్సాహిక అథ్లెటిక్స్‌కు నియమాలు రాసుకున్నప్పుడు చేతివృత్తులవాళ్లనూ కూలీలనూ పోటీలకు దూరంగా పెట్టారు. ఒంటి కష్టంతో బతికేవాడు పెద్దమనుషుల సరసన పోటీ చేయకూడదట. అదే కాలంలో హైలాండ్ మైదానాలు మేస్త్రీనీ, పాలేరునీ, కమ్మరినీ పిలిచి, గెలిస్తే చేతిలో డబ్బు పెట్టాయి. ఈ క్రీడల మీద నాకున్న గౌరవంలో పెద్ద పాలు ఇందుకే. డిన్నీ ఆ డబ్బుతోనే రాతిపని మానేయగలిగాడు. 1870లో అమెరికా వెళ్లి అక్కడి స్కాట్లాండ్‌వాళ్ల కాలెడోనియన్ సంఘాల క్రీడల్లో పోటీ చేశాడు, ఆ తర్వాత ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా చుట్టి వచ్చాడు. 1916లో లండన్‌లో కన్నుమూసేనాటికి, మొదటి ప్రపంచ యుద్ధంలోని సైనికులు భారీ ఫిరంగి గుండ్లను ఆయన పేరుతో పిలుస్తున్నారు.

56 పౌండ్ల బరువు ఒలింపిక్స్‌కూ వెళ్లింది. 1904లో సెయింట్ లూయిస్‌లో మాంట్రియల్ పోలీసు ఎతియెన్ దెమార్తో గెలిచాడు, 1920లో ఆంట్‌వర్ప్‌లో అమెరికా తరఫున ప్యాట్రిక్ మెక్‌డొనాల్డ్. తర్వాత దాన్ని తీసేశారు. హ్యామర్ నిలిచింది గాని రూపం మారిపోయింది: ఉక్కు తీగ, సిమెంటు వలయం, గిరగిర తిరిగే పాదాలు. స్కాట్లాండ్‌లో మాత్రం ఇవాళ్టికీ కర్ర పిడే, నేల మీద కదలని పాదాలే. ఆటగాడు మైదానానికి వీపు పెట్టి నిలబడతాడు. బూట్ల ముందు పొడుచుకొచ్చిన ఇనుప పలకలను మట్టిలోకి దిగ్గొట్టి, హ్యామర్‌ను తల చుట్టూ తిప్పి, భుజం మీదుగా వెనక్కి వదులుతాడు. 1969లో లోకర్న్‌హెడ్‌లో బిల్ ఆండర్సన్ 16 పౌండ్ల హ్యామర్‌ను 151 అడుగులు విసిరాడు. ఆయన అబర్డీన్ పక్కన బక్స్‌బర్న్‌లో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, పొలం పనుల్లో పెరిగినవాడు. ఆయనకు గట్టి పోటీ ఇచ్చిన ఆర్థర్ రో ఇంగ్లండ్‌లోని బార్న్‌స్లీ బొగ్గు గనిలో కమ్మరి, 1958 యూరోపియన్ షాట్‌పుట్ విజేత. డిన్నీ వంతెన మీద నడిచి వందేళ్లు గడిచినా మైదానంలో ఎదురెదురుగా నిలిచినవాళ్లు ఒక రైతుబిడ్డ, ఒక కమ్మరి.

ఇప్పుడు ఈ పోటీలకు వచ్చేవాళ్లలో ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లు ఎక్కువ. పని ఇచ్చిన బలం పోయింది కాబట్టి ఇంటి దగ్గర సాధన చేయాలి; అందుకు సామగ్రి కొని తెచ్చుకోవాలి, లేదా చేసుకోవాలి. చేసుకోవడమే మేలు. జిమ్‌లో బరువులు ఎత్తనిస్తారు గాని విసరనివ్వరు కదా. ఇనుప పళ్లేలను ఒక కడ్డీకి గుచ్చి, నాలుగు లంకెల గొలుసు, ఒక కడియం తగిలిస్తే 28 పౌండ్ల బరువు తయారు. మొత్తం పొడవు 18 అంగుళాలు దాటకుండా చూసుకోవాలి. హ్యామర్‌కు పేము కర్ర గాని గట్టి పీవీసీ గొట్టం గాని చాలు, తలతో కలిపి నాలుగు అడుగుల రెండు అంగుళాలు. పిడి కొంచెం వంగాలి, వంగనిది మణికట్టును దెబ్బతీస్తుంది. రాయి విసిరే పోటీకైతే రాయిని వాగు ఒడ్డున ఏరుకోవచ్చు. క్రీడల్లోనూ చాలాచోట్ల నదిలో దొరికిన రాయే విసురుతారు, అది గుండ్రంగా ఉండదు. అందుకే వంకర రాయికి అలవాటుపడ్డ అరచేయికి విలువ.

నేర్చుకోవాల్సిన వరుస మాత్రం బరువు నుంచి మొదలు కాదు. బరువును దూరం విసిరే పోటీలో తొమ్మిది అడుగుల చోటులో రెండు చుట్లు తిరిగి, ముందున్న కొయ్య దిమ్మెను దాటకుండా ఆగాలి. ఆ అడుగులు ఉత్త చేతులతో, పాత చెప్పులతో, వాకిట్లో సుద్దతో గీసుకున్న గీతల మధ్య వందలసార్లు పడాలి. హ్యామర్ తిప్పడం తేలికపాటి గొట్టంతో నేర్చుకోవాలి. బరువు తొందరగా పెంచినవాడు చేతులతో లాగడం నేర్చుకుంటాడు, నడుముతో తిప్పడం నేర్చుకోడు. తర్వాత దాన్ని మాన్పించడం చాలా కష్టం.

అన్నిటికన్నా మొండిది కేబర్. బ్రేమార్ కేబర్ పొడవు 19 అడుగుల 9 అంగుళాలు, బరువు 132 పౌండ్లు. లావాటి కొన పైకి ఉండేలా నిలబెట్టిన మానును భుజానికి ఆనించి, వేళ్లు ముడివేసి సన్నని అడుగు కిందికి పోనిచ్చి, ఒక్క ఊపున లేపాలి. పరుగెత్తి, హఠాత్తుగా ఆగి, పైకి లాగాలి. అది బొంగరంలా పక్కలకు పోకుండా తలకిందులై లావు కొన మీద పడి, సన్నని కొన ఆటగాడికి అవతలి వైపుగా నేరుగా వాలాలి. దూరం కొలవరు, ఎంత నేరుగా పడిందన్నదే లెక్క. ఎవరూ తిప్పలేకపోతే కొంత రంపంతో కోసేసి మళ్లీ పోటీ పెట్టే ఆచారం ఉంది. ఇంట్లో సాధన చేసేవాళ్లకు అదే సదుపాయం ముందే దొరుకుతుంది: పది పన్నెండు అడుగుల దుంగతో, లేపి నిలబెట్టుకుని నాలుగు అడుగులు నడవడం దగ్గరే మొదటి నెలంతా గడపవచ్చు. దుంగ ముఖం మీదికి వాలుతుంటే పట్టుకోవడానికి చూడకుండా వదిలేసి పక్కకు తప్పుకోవడం కూడా ఆ నెలలోనే ఒంటికి అలవాటు కావాలి. పిల్లలూ కుక్కలూ తిరిగే వేళ, గోడ అవతల మనుషులుండే వైపు ఈ పని పెట్టుకోకూడదు.