రచ్చకట్ట మీది పత్రిక నుంచి చేతిలోని ఫోను దాకా

మనం ఉద్యోగాలలో చేరిన నాటికీ పెన్షన్ తీసుకుంటున్న నేటికీ మధ్య, వార్త మనకు చేరే దారి, సరుకు పేరు మన చెవిన పడే దారి ఎన్నోసార్లు మారాయి. తపాలా శాఖలో కర్నూలు, కడప జిల్లాల ఆఫీసులలో పనిచేసినందువల్ల ఆ మార్పులను కౌంటరు వెనుక నుంచి చూసే అవకాశం నాకు కలిగింది. వాటిలో ఒక వరుస ఉంది. ప్రతి కొత్త సాధనమూ ముందు పదిమంది మధ్యకు వచ్చింది, తర్వాత ఇంటింటికీ చేరింది, చివరకు ఒక్కొక్కరి చేతిలోకి వచ్చింది. దీనివల్ల మనకు కలిగిన లాభాలు ఎన్నో. పోగొట్టుకున్నది మాత్రం ఒకటుంది.

ముందుగా అమృతాంజనం సంగతి. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఈ మందు తయారీ ప్రారంభించారు. కొత్తలో సంగీత సభలలో ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. ఆ వ్యాపారం మీది ఆదాయమే 1908లో ఆయన బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికకు అండ అయింది. 1914లో ఆ పత్రిక మద్రాసు చేరి దినపత్రికగా వెలువడింది. మందు పత్రికను పోషిస్తే, పత్రిక మందు పేరును ఊరూరా చేర్చింది. పంతులుగారి ఇంటితో మన సీమకు మరో సంబంధమూ ఉంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక కుదిరింది మద్రాసులోని ఆయన ‘శ్రీబాగ్’ గృహంలోనే. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడానికి ఆ ఒడంబడికే ఆధారం.

ఆ రోజులలో చదువు వచ్చినవారు తక్కువ. పల్లెకు పత్రిక ఒకటి వస్తే రచ్చకట్ట మీద ఒకరు చదివేవారు, పదిమంది వినేవారు. ప్రకటనలూ అలాగే చెవిన పడేవి. అంగట్లో సరుకును అక్షరాలు చూసి కాక రంగును, బొమ్మను బట్టి అడిగేవారు. వాడి చూసిన పొరుగువాని మాటే దానికి పూచీ.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. పంచాయతీ రేడియో చుట్టూ సాయంత్రం పూట జనం చేరేవారు. వేరుశనగ పంటకు ఏదైనా సలహా చెబితే, “మన నేలకు అది పనికిరాదప్పా” అని ఒకరు, “పోయినేడు నేను చేసి చూసినా” అని మరొకరు అక్కడే తేల్చుకునేవారు. ఇంట్లో రేడియో ఉన్నవారు ఏటేటా లైసెన్సు రుసుము కట్టడానికి మా పోస్టాఫీసుకు వచ్చేవారు. 1967లో వివిధభారతి ప్రకటనలు తీసుకోవడం మొదలైంది. అచ్చులో ఉన్న పేర్లకు పాటలు వచ్చాయి. చదువురాని ఇల్లాలు కూడా సబ్బు పేరు, పళ్లపొడి పేరు తడబడకుండా చెప్పగలిగింది.

టెలివిజను కూడా పల్లెలకు అలాగే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా జరిగిన ప్రయోగంలో మన రాష్ట్రంతో సహా 6 రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఊరికి ఒక పెట్టె, దాని ముందు ఊరంతా. 1976లో దూరదర్శన్‌లోనూ ప్రకటనలు మొదలయ్యాయి. తర్వాత పెట్టె ఇంటికి వచ్చినా, ఇంటిల్లిపాదీ కలిసే చూసేవారు.

ఉత్తరం సంగతీ అంతే. చదువురాని తల్లికి కొడుకు జాబు చదివి వినిపించేది పోస్టుమ్యానే. టెలిగ్రాము వస్తే వీధి వీధంతా గుమికూడేది. ఆ టెలిగ్రాము 2013 జూలైలో ఆగిపోయింది. మనియార్డరు చేసే పని చాలావరకు బ్యాంకు ఖాతాకు, 2016లో వచ్చిన యూపీఐకి మారింది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతోనే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వగలుగుతున్నాం. తర్వాత ఫోనులో ముఖం చూపించి ఇచ్చే వీలు కూడా కలిగింది. మోకాళ్ల నొప్పులవారికి, బెంగుళూరులో, హైదరాబాదులో బిడ్డల దగ్గర ఉన్నవారికి ఇది గొప్ప మేలు.

అయితే ఫోను మాట మనం ఒక్కరమే వింటాం. పక్కన పూచీపడే పొరుగువాడు లేడు. బ్యాంకు పేరు, ప్రభుత్వ ముద్ర ఎవరైనా తెర మీద పెట్టవచ్చు. ఆ మధ్య నాకొక ఫోను వచ్చింది. “మీ లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఇప్పుడు వచ్చిన నంబరు చెప్పండి” అన్నాడు. వంటింట్లో ఉన్న నా భార్య విని, “నవంబరులోనే ఇచ్చినాము గదా, ఎవరాయన?” అని గట్టిగా అడిగింది. అవతలివాడు వెంటనే ఫోను పెట్టేశాడు.

మనం పోగొట్టుకున్నది ఆ రెండో చెవినే. దానిని మళ్లీ తెచ్చుకోవడం మన చేతిలో పని. డబ్బు, పెన్షన్ మాట ఎత్తే ఫోను వస్తే ఇంట్లో ఒకరిని పిలిచి స్పీకరు పెట్టి వినండి. ఒంటరిగా ఉంటే పెట్టేసి, తోటి పెన్షనరుకు ఫోను చేసి అడగండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. ఈ సంచికను కూడా ఇంట్లో నలుగురికీ చదివి వినిపించవలసిందిగా నా మనవి.