చింతపండుతో తోమేసిన డబ్బు

పెళ్ళయి మా నరసాపురం కాపురానికి వచ్చిన ఏడాది నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్పనా? సంక్రాంతికి పూజగది శుభ్రం చేస్తుంటే, పసుపు గుడ్డలో మూటకట్టిన మూడు నల్లటి రాగి బిళ్ళలు దొరికాయి. రాగి చెంబుతో పాటు వాటినీ చింతపండు పెట్టి కసాబిసా తోమేశాను. మెచ్చుకుంటారని అత్తయ్యగారికి చూపిస్తే, ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. "ఎంత పని చేశావమ్మా! అవి మా అత్తగారి అత్తగారి నాటివి" అని మాత్రం అన్నారు. మళ్ళీ గుడ్డలో చుట్టి లోపల పెట్టేశారు.

చాలా ఏళ్ళ తర్వాత మా అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, ఒకదాని మీద 1794 అని చదివాడు. రాజమండ్రిలో పాత నాణేలు సేకరించే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చూడగానే అడిగిన మొదటి మాట, "అమ్మా, దీన్ని తోమారా?" నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన చెప్పాకే తెలిసింది, అది ఈస్టిండియా కంపెనీ మన ఉత్తర సర్కారు జిల్లాల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కొట్టించిన నాణెమని. మాథ్యూ బౌల్టన్ అనే ఆయన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో ముద్రించారట. ఒకవైపు కంపెనీ చిహ్నం, రెండోవైపు హృదయాకారంలో కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు. కింద ఇంగ్లీషులో 'రూపాయికి 48' అని ఉంటుంది. అంటే అణాకి మూడన్నమాట. మనం రోజూ అనే 'డబ్బు' కూడా ఒకప్పుడు రాగి నాణెం పేరే. బంగారం, వెండి పేర్లు కాకుండా, సామాన్యుల చేతుల్లో తిరిగిన రాగి పేరే మొత్తం సొమ్ముకి నిలిచిపోయింది!

తర్వాత ఆయన ఇంకో నాణెం చూపించారు. 1808 నాటి ఇరవై కాసులది. నిన్న కొట్టినట్టుంది. మద్రాసుకి పీపాల నిండా ఇలాంటి నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో తుఫానుకి ఇంగ్లండు తీరంలోనే గుడ్‌విన్ ఇసుకతిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980ల్లో పైకి తీస్తే, పీపాల లోపల ఉన్నవి చాలా వరకు చెక్కు చెదరలేదు.

ఇంటికొస్తూ ఆలోచించాను. ఆ నాణెం అంత మెరుగ్గా ఉందంటే, అది ఎవరి చేతికీ చేరలేదు గనుక. దాంతో ఎవరూ ఉప్పు కొనలేదు, ఏ తల్లీ కొంగున ముడేసుకోలేదు. మాది అరిగిందంటే ఎన్ని వేళ్ళు తాకాయో! అలా అరగడం దాని చరిత్ర. కానీ రెండు వందల ఏళ్ళలో దాని మీద కుదురుకున్న ఆ నల్లటి పొర ఉందే, దాన్ని పోగొట్టింది మాత్రం కాలం కాదు, నేను. అది మళ్ళీ రాదు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ మూడు బిళ్ళలే ఎందుకు దాచారో, ఆ గుడ్డలో మొదట చుట్టిందెవరో నేను అత్తయ్యగారిని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు.

మీ ఇంట్లోనూ పోపులపెట్టె అడుగునో, దేవుడి మందసంలోనో ఇలాంటివి ఉంటే చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి పొడి ఏవీ తగలనివ్వకండి. అంచులు పట్టుకుని తీసి, విడివిడిగా పొడి కాగితపు కవర్లలో పెట్టండి. ఆ కవరు మీద, అవి ఎవరివో పెద్దవాళ్ళని అడిగి రాయండి. ఈ రెండో పని మాత్రం ఇవాళే చేయండి.