అద్దె ఇంటిలో ఉపగ్రహ ఆంటెనా

భూమధ్యరేఖకు పైన సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున తూర్పుదిశగా తిరుగు ఉపగ్రహమునకు ఒక చుట్టు పూర్తియగుటకు, భూమి తన చుట్టు తాను తిరుగుటకు పట్టునంత కాలమే పట్టును. అందుచే అది ఆకాశములో ఒకేచోట నిలిచియున్నట్లు కనబడును. అట్టి ఉపగ్రహములతో ప్రపంచమంతటికి ప్రసారములు జరుపవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో వివరించెను. ఆంటెనాను ఒకసారి గురిచూచి బిగించినచో మరల త్రిప్పవలసిన పని లేదు.

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా భారతదేశమున సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు పంపిరి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. తరంగదైర్ఘ్యము సుమారు 35 సెంటీమీటర్లు. కనుక ఆంటెనాకు 3 మీటర్ల వ్యాసము గల తీగెవల అవసరమైనది. ఊరంతటికి ఒకటే ఆంటెనా, ఒకటే పెట్టె.

ఆంటెనా తరంగములను ఎంత బాగుగా కూడదీయగలదను విషయము, దాని వ్యాసము తరంగదైర్ఘ్యమునకు ఎన్ని రెట్లున్నదను దానిపై ఆధారపడును. తరువాతి ఉపగ్రహములు 2.5 సెంటీమీటర్ల తరంగములను మరింత శక్తితో పంపసాగినవి. 1994 నాటికి అమెరికాలో 45 సెంటీమీటర్ల పళ్లెము చాలినది. ఊరి ఆంటెనా ఇంటి బాల్కనీలో ఇమిడినది. తగవులును అక్కడనే మొదలైనవి.

గోడలకు రంధ్రములు పడునని, భవనపు అందము చెడునని, గాలికి ఊడి క్రిందివారిపై పడునని యజమానుల అభ్యంతరము. దూరదేశమునుండి వచ్చిన అద్దెవారికి మాత్రము స్వదేశపు వార్తలు, మాతృభాష విను మార్గమదే. 1994లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము ఒక టర్కీ దేశీయుని వ్యాజ్యములో, యజమాని ఆస్తిహక్కుతోపాటు అద్దెదారుని సమాచార స్వేచ్ఛనుకూడ తూచి చూడవలెనని తీర్పిచ్చెను. స్వీడన్ లో ఆంటెనా తీయనందున ఇల్లు వదలవలసివచ్చిన ఇరాకీ కుటుంబమునకు అన్యాయము జరిగినదని 2008లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నిర్ణయించెను.

అమెరికాలో 1996 నాటి నిబంధన, ఒక మీటరుకు మించని వ్యాసము గల ఆంటెనాలకు అడ్డుచెప్పరాదని పలికినది. 1999లో అద్దెవారికిని ఇది వర్తించెను. అయితే ఆ హక్కు అద్దెవాని ఏలుబడిలోనున్న బాల్కనీవంటి చోటికే పరిమితము. అందరికి చెందిన పైకప్పునకు, బయటిగోడకు అది వర్తింపదు. ప్రమాద నివారణకై తగిన నియమములు పెట్టవచ్చును.

ఇక ప్రకృతి నియమమొకటి కలదు. ఉపగ్రహము భూమధ్యరేఖపైననుండుటచే, అమెరికా, జర్మనీవంటి ఉత్తరదేశములలో ఆంటెనా దక్షిణపు ఆకాశమునే చూడవలెను. ఉత్తరముఖపు బాల్కనీవానికి చట్టము హక్కునిచ్చినను, భవనమే ఉపగ్రహమునకు అడ్డు నిలుచును. అట్టివానికి మిగిలిన దారి పైకప్పుపైన ఉమ్మడి ఆంటెనా. అది పెట్టుట యజమాని ఇష్టము. పెట్టి, వారికి కావలసిన ప్రసారములనే అధిక ఖర్చు లేకుండ అందించినచో, విడి ఆంటెనాలను వలదనుటకు అమెరికా నిబంధన అతనికి వీలిచ్చుచున్నది. ఒకనాడు ఊరివారందరు కలిసి వాడుకొనిన ఆంటెనా, ఈ విధముగా భవనపు వారందరి ఆంటెనాగా మరల రాగలదు.