ఎఱ్ఱ మేజోళ్ళ జట్టు

మన ధర్మశాస్త్రములలో భృతకాధ్యాపకుడను మాట యొకటి కలదు. ఇంత యిచ్చినచో చదువు చెప్పెదనని ముందుగా బేరము కుదుర్చుకొని పాఠము చెప్పువాడని దాని యర్థము. మనుస్మృతి యట్టివానిని శ్రాద్ధమునకు పిలువదగనివారి వరుసలో చేర్చినది. ముప్పదియైదేండ్లు నెలనెలకు జీతము పుచ్చుకొని పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పిన నాకు ఆ మాట తలపునకు వచ్చినపుడెల్ల ఒక ప్రశ్నయు వెంట వచ్చుచుండును. వెల కట్టినంతమాత్రమున విద్య చెడునా? కూలి పుచ్చుకొనినవానికి నిష్ఠ యుండదా? ఈ ప్రశ్న పాఠశాలకు మాత్రమే సంబంధించినది కాదు. నూటయేబది యేండ్లకు పూర్వము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక బంతియాటను గూర్చి యిదే ప్రశ్న పుట్టినది. ఒక జట్టు దానికి తన యాటతోనే ప్రత్యుత్తర మిచ్చినది. ఆ జట్టు 1869వ సంవత్సరమున నాడిన యాటల చరిత్రమే నేటి ప్రసంగమునకు విషయము.

ఆ యాట పేరు బేస్‌బాల్. క్రికెట్టు నెఱిగిన శ్రోతలకు దీనిని గ్రహించుట కష్టము కాదు. జట్టునకు తొమ్మండుగురు. మైదానమున నలుచదరముగా నాలుగు స్థానములుండును. వీనికే బేసులని పేరు. ఒకడు బంతి విసరును. ఎదుటి పక్షమువాడు గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టి, వరుసగా మూడు స్థానములను ముట్టి, బయలుదేఱిన చోటికి మరల వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనంతనే పక్షము మాఱును. ఇట్లు తొమ్మిది ఇన్నింగ్సులు జరిగినచో ఆట ముగియును. ఆ కాలమున బంతిని చేయి పైకెత్తక క్రిందినుండియే విసరవలెను. పట్టువారికి తోలు తొడుగులు లేవు. గట్టి బంతిని వట్టి చేతులతోడనే పట్టెడివారు.

ఈ యాటను మొదట న్యూయార్కు ప్రాంతమున గుమాస్తాలును వర్తకులును వినోదమునకై యాడుకొనెడివారు. 1857లో క్లబ్బులు కొన్ని గూడి యొక జాతీయసంఘముగా నేర్పడినవి. ఆటగాడు ధనము పుచ్చుకొనరాదని యా సంఘమువారి నియమము. నియమము చక్కనిదే; నడచిన తీరు వేఱు. నేర్పరియైనవానికై క్లబ్బులు పోటీపడసాగెను. ఒకనికి లేని యుద్యోగము నొకదానిని కల్పించి జీతమిత్తురు. ఒకనికి ప్రవేశరుసుములలో వాటాను చాటుగా నిత్తురు. 1867లో వాషింగ్టను జట్టునందు జార్జి రైటను యువకుడు గుమాస్తాగా చూపబడెను. అతడు పని చేయుచోటని వ్రాసిన చిరునామాకు పోయి చూచినచో అచట నున్నది పౌరులు విహరించు తోట యని చెప్పుదురు. పేరునకు గుమాస్తా, నిజమునకు ఆటగాడు!

చాటుసొమ్మున్నచోటికి పందెగాండ్రు రాకమానరు. 1865లో న్యూయార్కు మ్యూచువల్సు జట్టులోని ముగ్గురు నూఱు డాలర్ల లంచమునకు ఆశపడి ఆటను చేజేతుల విడిచిపెట్టిరని తేలి బహిష్కృతులైరి. జీతము కూడదన్న నియమము లంచము నాపజాలలేదు. జీతమును చీకటిలోనికి నెట్టినది, అంతియే. కడకు 1868 డిసెంబరులో సంఘమువారు, మఱుసటి యేటినుండి ఆటగాండ్రు బాహాటముగా జీతము పుచ్చుకొనవచ్చునని యొప్పుకొనిరి.

ఒహాయో నదీతీరమున సిన్సినాటి యను నగరము కలదు. అచ్చటి క్లబ్బునకు ఆరన్ చాంపియనను పడుచు న్యాయవాది అధ్యక్షుడు. తూర్పుతీరపు మహానగరముల జట్లను తమ యూరు గెలువవలెనని యతని కోరిక. అందఱును జీతగాండ్రే యైన జట్టును కూర్చుటకు అతడును క్లబ్బువారును నిశ్చయించి, ఆ భారమును హ్యారీ రైటుపై నుంచిరి. ఈ హ్యారీ 1835లో ఇంగ్లండులోని షెఫీల్డున పుట్టినవాడు. తండ్రి జీతము పుచ్చుకొని క్రికెట్టు నేర్పిన యాటగాడు. పసితనముననే న్యూయార్కు చేరిన హ్యారీ నగలపని నేర్చెను. క్రికెట్టును తండ్రివద్ద నేర్చెను. 1865లో క్రికెట్టు నేర్పుటకే సిన్సినాటికి వచ్చి, పిదప బేస్‌బాలునకు మరలెను. జార్జి రైటు అతని తమ్ముడే.

ఆ యేటి జీతముల లెక్క నేటికిని ప్రసిద్ధముగా నున్నది. తమ్ముడు జార్జికి 1,400 డాలర్లు. నాయకుడైన అన్నకు 1,200. బంతి విసరు ఏసా బ్రెయినార్డునకు 1,100. మూడవ బేసును కాచు ఫ్రెడ్ వాటర్మన్నునకు 1,000. గూల్డు, స్వీసీ, ఆలిసన్, లెనర్డు, మెక్వీ యను నైదుగురకు తలకు 800. అదనపు ఆటగాడైన హర్లీకి 600. మొత్తము 9,300 డాలర్లు. మార్చి నడుమనుండి నవంబరు నడుమ వఱకు ఎనిమిది నెలల కొలువు. నాయకుడు తనకంటె తమ్మునికి హెచ్చు జీతమిచ్చుట గమనింపదగినది. ఆటలో జార్జియే మిన్న. అన్నగారు నేర్పునకు వెల కట్టెనే కాని పెద్దఱికమునకు కట్టలేదు. వీరి పూర్వవృత్తులను చూడుడు: ఒకడు చలువరాళ్ళు చెక్కువాడు, ఇద్దఱు టోపీలు చేయువారు, ఒకడు పియానోలు చేయువాడు, ఒకడు చిట్టాలు వ్రాయువాడు. అందఱును పనిచేసి పొట్టపోసికొనువారు. ఆ యూర పుట్టినవాడు గూల్డొక్కడే.

మోకాళ్ళవఱకు లాగు, క్రింద పొడవైన యెఱ్ఱని మేజోళ్ళు—ఇది వారి యుడుపు. అందుచేతనే రెడ్ స్టాకింగ్సు, అనగా ఎఱ్ఱ మేజోళ్ళు అని పేరు వచ్చినది.

జీతము వారికిచ్చిన మొదటి మేలు తీఱిక. తక్కినవారు పగలెల్ల పనిచేసి సాయంకాలము ఆడుదురు. వీరు ప్రతిదినమును సాధనచేయుదురు. ఒకడు బంతికై పరువెత్తినచో మఱియొకడు వానివెనుక నిలువవలెననియు, పైకెగసిన బంతిని పట్టువాడెవడో ముందుగానే కేక వేసి తెలుపవలెననియు హ్యారీ నేర్పెను. సంగీతము నభ్యసించినవారికి ఈ మర్మము తెలియును: ప్రతిభ పుట్టుకతో రావచ్చును గాని పొందిక సాధనచే తప్ప రాదు. జట్టులో అందఱును బుద్ధిమంతులేమియు కారు. బ్రెయినార్డు స్వేచ్ఛాచారి. ఒకనాడు ఆట నడుమ మైదానమునకు కుందేలు రాగా, చేతిలోని బంతిని దానిపై విసరెననియు, అది తప్పిపోగా ఎదుటివారికి పరుగులు వచ్చెననియు ఒక కథ. అట్టివానిని సహించి పని చేయించుకొనుట హ్యారీ నేర్పు.

మే నెలలో ఆటలు మొదలైనవి. ఆ మాసాంతమున జట్టు తూర్పు దేశయాత్రకు బయలుదేఱెను. జూన్ 15వ తేదీన, పూర్వము లంచపు టపవాదు మోసిన ఆ మ్యూచువల్సు జట్టుతోడనే వారికి పోరు. ఒక్కొక్క యాటలో ఇరువదులు ముప్పదులుగా పరుగులు వచ్చు నా కాలమున, ఆనాటి లెక్క నాలుగునకు రెండు. ఇరుపక్షములవారును అంత గట్టిగా కాచిరి. ఎఱ్ఱ మేజోళ్ళవారే గెలిచిరి. ఆ వార్త తంతిమీద సిన్సినాటికి చేరినపుడు నగరము పండుగ చేసికొనినది. పిదప వాషింగ్టనులో దేశాధ్యక్షుడైన గ్రాంటు వారిని చూచి మన్నించెను. జూలై మొదట ఇల్లు చేరినపుడు, కలప వర్తకులు ఇరువదియేడడుగుల పొడవు గల కఱ్ఱ నొకదానిని చేయించి కానుకగా నిచ్చిరి. దేశాధ్యక్షపదవికంటె ఈ క్లబ్బు అధ్యక్షపదవియే తనకు మిన్నయని చాంపియన్ ఆనాడు సంతోషముతో పలికెనట.

ఆగష్టు మాసాంతమున ట్రాయి నగరపు హేమేకర్సు జట్టు సిన్సినాటికి వచ్చెను. చెఱి పదునేడు పరుగులతో సమముగా నున్నపుడు, ఒక బంతిని పట్టితిమని వారును, పట్టలేదని తీర్పరియు వాదించిరి. వెంటనే యా జట్టు అధ్యక్షుడు తనవారిని మైదానమునుండి తీసికొనిపోయెను. గొప్ప పందెములు కాచినవారు సొమ్ము పోవునను భయముతో ఆటను చెడగొట్టించిరని లోకులు చెప్పుకొనిరి. తీర్పరి గెలుపు సిన్సినాటివారిదే యనినను చరిత్రలో అది సమానమైన యాటగనే మిగిలినది. ఆ యేట వారి యశమునకు తగిలిన చిన్న మచ్చ యిది యొక్కటియే.

ఆ సంవత్సరమే మే 10వ తేదీన అమెరికా ఖండము నీ దరినుండి యా దరికి కలుపు రైలుమార్గము పూర్తియైనది. కొన్ని నెలలకే మనవారు ఆ మార్గమున సాన్ ఫ్రాన్సిస్కో వఱకు పోయి ఆడి గెలిచి వచ్చిరి. ఏడు ముగియునప్పటికి సంఘమునకు చెందిన క్లబ్బులపై 57 గెలుపులు; ఓటమి లేదు. ప్రయాణము ఇంచుమించు 12,000 మైళ్ళు. ఇక జమాఖర్చు వినుడు: ఖర్చులన్నియు పోగా క్లబ్బునకు మిగిలినది 1 డాలరు 39 సెంట్లు! ధనమునకై యాడిరని యెవరిని దూషింతుమో వారి యజమానులకు దక్కిన లాభమిది.

ఇంతవఱకు గెలుపుల కథ. ఈ జట్టు గుణము నాకు తేటపడినది మఱుసటి యేటి ఓటమిలోనే. 1870 జూన్ 14వ తేదీన బ్రూక్లినులోని కాపిటొలైన్ మైదానమున అట్లాంటిక్సు జట్టుతో ఆట. తొమ్మిది ఇన్నింగ్సులు ముగిసినవి. చెఱి యైదు పరుగులు. ఇరువురు నాయకు లొప్పుకొన్నచో ఆటను సమానమని ముగింపవచ్చును. అట్లాంటిక్సువారు దానికి సిద్ధపడి మైదానమును విడువసాగిరి. జనులు లోపలికి చొచ్చిరి. హ్యారీ కూడ సరే యనినచో అతని జట్టు ఆనాటికిని ఓటమి నెఱుగని జట్టే. కాని యతడు, చాంపియన్ కూడ, ఒప్పుకొనలేదు. గెలుపో ఓటమో తేలువఱకు ఆడవలెనని పట్టుపట్టిరి. పదునొకండవ ఇన్నింగ్సున సిన్సినాటివారు రెండు పరుగులు తీసి ముందునకు పోయిరి. ఎదుటివారు మూడు తీసిరి. అట్లాంటిక్సు నాయకుడు ఫెర్గుసన్, జార్జి రైటు నిలిచిన వైపునకు బంతి పోరాదని, తన యలవాటు మార్చి యెడమవాటముగా నిలిచి కొట్టెనట. శత్రువు చేసిన స్తోత్రమన నిదియే. కడపట సిన్సినాటివారి చేతులలో జరిగిన చిన్న తప్పిదముతో ఆట ముగిసినది. ఎనిమిదింటికి ఏడు.

శ్రోతలారా, ఇచ్చట ఒక్క నిమిషము నిలిచి యోచింపుడు. జీతమునకు మాత్రమే యాడువానికి ఓటమి లేని పేరే పెట్టుబడి. దానిని కాపాడుకొను దారి ధర్మవిరుద్ధము కాకుండ ఎదుట తెఱచియుండెను. నియమ మొప్పుకొనినను హ్యారీ మనసొప్పుకొనలేదు. చూడవచ్చినవారు సొమ్మిచ్చినది ఆట తేలుట చూచుటకు. సగముతో విడిచిన సమానము వారికి చేసిన బాకీ. కూలి పుచ్చుకొనుటచే నతని నిష్ఠ తగ్గలేదు, బాధ్యతగా మాఱి మఱింత బిగిసెనని నా తలంపు.

ఆ నిష్ఠకు లోకమిచ్చిన ప్రతిఫలము మాత్రము తియ్యనిది కాదు. ఒక్క యోటమితో నగరమువారి యుత్సాహము చల్లారెను. మఱికొన్ని యాటలు పోయెను, చూచువారు తగ్గిరి, చాంపియన్ తొలగెను. ఆ యేడు ముగియకముందే జీతగాండ్రను పెట్టుకొనమని క్లబ్బువారు ప్రకటించిరి. హ్యారీ తమ్మునితో, గూల్డు మెక్వీలతో బోస్టనుకు పోయి, జట్టుతోపాటు ఎఱ్ఱ మేజోళ్ళ పేరును కూడ తీసికొనిపోయెను. 1871లో వృత్తియాటగాండ్ర సంఘ మేర్పడగా, 1872 మొదలు 1875 వఱకు నాలుగేండ్లును బోస్టనువారే విజేతలు. నేటి అట్లాంటా బ్రేవ్సు జట్టు ఆ జట్టు వంశమునకు చెందినదే.

ఈ కథను మెచ్చుచు ఒక లోపమును దాచరాదు. జీతమునకు తలుపు తెఱచుటకు ఒక్క యేడు ముందు, 1867 డిసెంబరులో, ఆ జాతీయసంఘమే నల్లజాతివా రున్న క్లబ్బులను చేర్చుకొనబోమని తీర్మానించెను. టోపీలవానికిని రాళ్ళు చెక్కువానికిని చోటు దొరకిన మైదానమున వారికి దొరకలేదు. ఆ యడ్డు గట్టిగా తొలగుట 1947లో, జాకీ రాబిన్సన్ బ్రూక్లిను జట్టున నిలిచిననాడు మొదలైనది. ఒక తలుపు తెఱచినవారు అన్ని తలుపులును తెఱచిరని భ్రమపడరాదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. శాస్త్రకారుడు దూషించినది బేరమును. విద్య యెవరికి దక్కవలెనో ధనము నిర్ణయింపరాదని యతని భయము. అది నేటికిని తగిన భయమే. కాని కడుపునిండ తిండిగలవాడే విద్య నభ్యసింపవలెనన్నచో టోపీలు చేయువాడు టోపీలే చేయుచుండును, రాళ్ళు చెక్కువాడు రాళ్ళే చెక్కుచుండును. బాహాటమైన జీతము నేర్పరికి తీఱిక నిచ్చును. చాటుసొమ్ము నేర్పరిని అమ్మివేయును. ఈ రెంటికిని గల భేదమును 1869లో పదిమంది యాటగాండ్రు లోకమునకు చూపిరి. జీతము పుచ్చుకొనుట దోషము కాదు. జీతమునకు తగినంత మాత్రమే పనిచేసి చాలునని లేచిపోవుట దోషము. చెఱి యైదు పరుగులవద్ద లేచిపోవుటకు వీలుండియు లేవని హ్యారీ రైటును, జీతముతో బ్రదికిన మాబోటివారు తలచుకొనదగును.