జుర్మ్ ఒకడిది, ఇల్జామ్ కౌమ్ మీద

ఎక్కడో ఖత్ల్ జరిగిందని టీవీలో ఖబర్ రాగానే మా అమ్మీ చేతిలో పని ఆగిపోతుంది. "యా అల్లా, పేరు మనోళ్లది కాకూడదు" అంటుంది. చనిపోయిన మనిషి కోసం దువా ఆ తర్వాతే. మన ఇళ్లలో చాలామందికి ఈ ఖౌఫ్ తెలుసు. ఒకడి గునా ఖాన్‌దాన్ మొత్తానికి అంటించే ఈ అలవాటుకి పాత తారీఖే ఉంది.

1876లో ఇటలీ డాక్టర్ చెజారె లొంబ్రోసో నేరస్తుల మీద ఓ కితాబ్ అచ్చేశాడు. కొందరు పైదాయిషీ ముజ్రిమ్‌లు, అంటే పుట్టుకతోనే నేరస్తులు అన్నాడు. పెద్ద దవడలు, పొడవాటి చేతులు, వాలు నుదురు వాళ్ల నిషానీలట. ఓ దొంగ పుర్రె చూస్తుంటే ఈ ఖయాల్ తట్టిందని చెప్పుకున్నాడు. జనానికి ఈ మాట నచ్చింది. ఖూనీ చేసినవాడు మనలాంటోడు కాదనుకుంటే రాత్రి నిద్ర పడుతుంది కదా!

1913లో ఇంగ్లండ్ జైలు డాక్టర్ చార్లెస్ గోరింగ్ దీన్ని తేల్చి చూశాడు. సుమారు 3 వేల మంది ఖైదీల కొలతలు తీసి, సిపాయిలు, యూనివర్సిటీ విద్యార్థుల కొలతలతో పోల్చాడు. ముజ్రిమ్‌కి వేరే సూరత్ ఏదీ దొరకలేదు.

కానీ మన ముల్క్‌లో ఇంగ్రేజ్ సర్కార్ లొంబ్రోసో కంటే ముందే, 1871లోనే, కొన్ని కులాలను మొత్తంగా నేరస్తులని రాసే ఖానూన్ తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ఇలాఖాకీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్లకు వేలిముద్రలు, హాజరీలు వచ్చిపడ్డాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో ఆ ఖానూన్ పోయింది. పేరుకంటిన దాగ్ మాత్రం పోలేదు.

ఎందుకు పోలేదు? 1979లో అమెరికా సైకాలజిస్టు థామస్ పెటిగ్రూ దీనికి ఓ జవాబు చెప్పాడు. మనవాడు తప్పు చేస్తే హాలాత్ అలా ఉన్నాయి, గరీబీ, తాగుడు, చెడు దోస్తీ అంటాం. పరాయివాడు అదే తప్పు చేస్తే వాళ్ల నస్లే అంత అంటాం. మంచి పని చేస్తే మాత్రం, వాడొక్కడే వేరు అంటాం.

ఇది చదివినప్పుడు నాకు ముందు మన మీద పడే ఇల్జామ్‌లే గుర్తొచ్చాయి. తర్వాత సిగ్గేసింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవడైనా పిల్లాడు బిస్కెట్లు దొంగిలిస్తే "స్టువర్టుపురం దొంగ" అని అందరం నవ్వేవాళ్లం. అమ్మీ కూడా. ఆ ఊళ్లోనూ ఓ అమ్మ టీవీ ముందు "దేవుడా, మా ఊరి పేరు రాకూడదు" అనుకుంటూ ఉంటుందని మాకెవరికీ తట్టలేదు.

ముజ్రిమ్‌కి సజా పడాల్సిందే. కానీ సజా వాడికి, వాడి జుర్మ్‌కి. ఈ ఇన్సాఫ్ మనకు కావాలంటే, పక్కవాళ్లకూ మన ఇంట్లోనే మొదట ఇవ్వాలి.